తలకు పోసుకున్ననాటి సంది

కట్టమ్మ బర్రెకు నెలకోసారి జబ్బు చేసేది. మడికొండలో ఆ బర్రెను చూసినవాళ్లెవరికీ అందులో రోగమన్నదే కనిపించేది కాదు. కడుపునిండా మేసి, బకెట్టెడు కుడితి తాగి, దర్జాగా నెమరు వేస్తూ ఉండేది. అయినా నెల తిరిగేసరికి కట్టమ్మ గోదావరిఖని బొగ్గుబాయికి పోయేవాళ్లలో ఎవరో ఒకరిని పట్టుకుని, బర్రెకు పాణం బాగలేదు, మా గట్టయ్యను ఫలానా రోజుకు రమ్మనండని కబురు పెట్టేది. కొడుకు గట్టయ్య డ్యూటీకి నాగా పెట్టి, ప్యాసింజరు బండెక్కి, కాజీపేటలో దిగి నడుచుకుంటూ ఇల్లు చేరేవాడు. వచ్చినవాడు బర్రె వైపు చూసిన పాపాన పోయేవాడు కాదు.

సంగతేమిటో బాయిలో అందరికీ తెలుసు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా గట్టయ్యకు పిల్లలు లేరు. భార్య చిలుకమ్మకు హనుమకొండలో ఒక నర్సింగ్ హోంలో మందులిస్తున్నారు. భర్త ఫలానా రోజుల్లో ఇంట్లో ఉండాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజుల లెక్క కట్టమ్మ చేతిలో ఉంది. ఇంత మాట పరాయి మగవాళ్లతో చెప్పి పంపలేక నెపం బర్రె మీద పెట్టింది. మీ బర్రెకు నెలనెలా ఇదే రోగమా అన్నా అని తోటివాళ్లు బాయిలో దిగేముందు అడిగితే గట్టయ్య నెత్తిమీది లైటు సర్దుకుంటూ నవ్వినట్టు చేసేవాడు. ఆ నవ్వు వెనక ఎంత మంట ఉందో అతను ఎవరికీ చెప్పుకోలేదు, చివరికి భార్యకు కూడా.

చిలుకమ్మది పాలకుర్తి అవతల చిన్న పల్లె. మనిషి పొడుగు, మాట పొదుపు. నాట్ల కాలంలో ఆమెతో సమానంగా చేయి ఆడించగల మనిషి మడికొండలో లేదు. పక్కవాళ్లు నడుమెత్తి చూసుకునేసరికి ఆమె తన వంతు మునుం ముగించి గట్టు మీద నిలబడి ఉండేది. అంత పనిమంతురాలిని మడిలో మొదటి పిలక మాత్రం నాటనిచ్చేవాళ్లు కాదు. అది పిల్లల తల్లి నాటాలి. చేతకాని మనిషి ఎవరో వంకరటింకరగా నాలుగు పిలకలు గుచ్చాక, ఇక దిగు చిలుకా అనేవాళ్లు. చిలుకమ్మ చీర చెక్కుకుని దిగేది. ఆమెకది ఎంత కష్టంగా ఉంటుందో ఆ ఆడవాళ్లకు తెలియక కాదు. తెలిసే అనేవాళ్లు. మనుషుల్లో ఆ గుణం ఒకటుంది, దానికి చదువుతో గానీ వయసుతో గానీ సంబంధం లేదు.

కట్టమ్మను చెడ్డ మనిషి అనడానికి లేదు. చిన్నవయసులో మొగుడు పోతే రెక్కలు ముక్కలు చేసుకుని ఒక్క కొడుకును పెంచింది. నోరు మాత్రం పెద్దది. కోపమొస్తే కోడలిని గొడ్రాలా అని పిలిచేది, కోపం పోయాక అన్నం కలిపి పెట్టేది. పిలిచిన మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు రాదు. మనవడి కోసం మెట్టుగుట్ట మెట్లన్నీ కోడలి చేత ఎక్కించింది, పాలకుర్తి గుట్ట చుట్టూ తడిబట్టలతో తిప్పించింది. కోడలు ఎక్కిన ప్రతి మెట్టూ తనూ ఎక్కింది, తిరిగిన ప్రతి చుట్టూ తనూ తిరిగింది. ఆ మాట ఒప్పుకోవాలి.

దేవుళ్ల వంతు అయ్యాక డాక్టర్ల వంతు వచ్చింది. హనుమకొండలోని ఆ నర్సింగ్ హోంకు జిల్లా అంతా పేరుండేది. లోపలికి పోగానే గోడ నిండా పసిపిల్లల ఫోటోలు. వాటిపైన ఎర్రరంగు అక్షరాలతో ‘నూటికి డెబ్బై మందికి సంతానభాగ్యం’ అని బోర్డు. బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ ఫోటోలు చూస్తూనే పొద్దంతా గడిపేవాళ్లు. పెద్ద డాక్టరమ్మ హస్తవాసి మంచిదని చెప్పుకునేవాళ్లు. చేయి మంచిదే కావచ్చు, చెవి సంగతే అనుమానం. గంటల తరబడి కూర్చున్నవాళ్లు లోపలికి పోయి, బీడీ ముట్టించుకునేంత సేపట్లో బయటికి వచ్చేసేవాళ్లు.

చిలుకమ్మ వంతు వచ్చినప్పుడు కట్టమ్మ కూడా లోపలికి పోయి ఆమె వెనక నిలబడేది. పెద్ద డాక్టరమ్మ తలెత్తకుండా డేట్ ఎప్పుడని అడిగేది. చిలుకమ్మ నోరు తెరిచేలోగా వెనకనుంచి కట్టమ్మ సోమవారమనో బుధవారమనో జవాబు చెప్పేది. ఆ డేట్ నుంచి ఐదో రోజు మొదలు మాత్రలు వేసుకోవాలి, పదో రోజు మొదలు వారం పాటు భర్త ఇంట్లో ఉండాలి అని డాక్టరమ్మ కాగితం మీద రాసి, గంట కొట్టి ఇంకొకరిని పిలిచేది. ఐదేళ్లు ఇదే తంతు. ఆ ఐదేళ్లలో చిలుకమ్మ ఆ గదిలో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. ఆమె కడుపు గురించి ఆమె తప్ప అందరూ మాట్లాడారు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో, సీమదేశంలో ఎవరికో కడుపు బయట పిండాన్ని తయారుచేసి పిల్లను పుట్టించారని రేడియోలో చెప్పారు. కట్టమ్మ ముక్కుమీద వేలేసుకుంది. గాజుగొట్టంలో కూడా పిల్లలు పుడుతుంటే తన కోడలికి ఉన్న కడుపులో పుట్టడానికే ఇంత తిప్పలా అని వాడంతా చెప్పుకుంది. ఆ నెలలోనే పెద్ద డాక్టరమ్మ, ఇక మందులతో లాభం లేదు, కడుపు కోసి గర్భసంచి గొట్టాలు మూసుకుపోయాయేమో చూడాలి, అంతకుముందు ఒక ఎక్స్‌రే తీయాలి అంది. ఎక్స్‌రేకు ఒక శుక్రవారం రమ్మని రాసింది.

కట్టమ్మకు ఆ కోత మాట నచ్చలేదు. కోసి చూసేదేమిటి, చిలుకమ్మ చెల్లెలు సారలమ్మ పెళ్లీడుకు వచ్చి ఉండనే ఉంది కదా అంది. రెండిళ్ల పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారు. దసరా దాకా చూద్దాం, ఏమీ కాకపోతే సారలమ్మను కూడా గట్టయ్యకే ఇచ్చి చేద్దాం, అక్కాచెల్లెళ్లు కాబట్టి కలిసిమెలిసి ఉంటారు అని తేల్చారు. చిలుకమ్మను ఎవరూ అడగలేదు, చెప్పారు. సారలమ్మను ఆమె చంకనెత్తుకుని పెంచింది. ఆ పిల్లకు తన మొగుణ్ణి పంచిపెట్టి, ఆమె కనబోయే పిల్లలకు నీళ్లు కాచి పోస్తూ ఆ ఇంట్లోనే ముసలిదయ్యే బతుకు చిలుకమ్మకు కళ్లముందు కనబడింది.

ఆ శుక్రవారం ఆమె ఎక్స్‌రేకు పోలేకపోయింది. తర్వాతి మంగళవారం కట్టమ్మ మోకాళ్లు వాచి మంచం మీద ఉంటే, మాత్రలు తెచ్చుకుంటానని చెప్పి ఒక్కతే హనుమకొండ బస్సెక్కింది. ఆమె మనసులో మాత్రల మాటే లేదు. కడుపు కోయమని తనే అడగాలని పోతోంది. కోతకు బతికితే సరి, పోయినా సరే, దసరాలోపు ఏదో ఒకటి తేలిపోవాలి అనుకుంది.

పెద్ద డాక్టరమ్మ హైదరాబాదు పోయింది. ఆమె కుర్చీలో శారద అనే చిన్న డాక్టరు కూర్చుని ఉంది. వరంగల్ బజారులో బట్టల దుకాణం వాళ్ల బిడ్డ, చదువు ముగించి ఈమధ్యే ఇక్కడ పనికి చేరింది. చిలుకమ్మ నిలబడే ఉండి, దసరాలోపు తన కడుపు కోయండని చెప్పింది. శారద ఆమెను కూర్చోమంది. పాత కాగితాలు ముందేసుకుని, శుక్రవారం ఎక్స్‌రేకు ఎందుకు రాలేదని అడిగింది.

"శుక్రారం బయటుంటినమ్మా. ఎట్ల వస్త?"

శారద ఇంకోసారి కాగితం చూసుకుంది. చిలుకమ్మ ఇప్పుడే చెబితే నర్సు రాసిన డేట్ అందులో సోమవారమని ఉంది. సోమవారం డేట్ అయితే అంతకుముందు శుక్రవారమే బయట ఎట్లా ఉంటావని అడిగింది.

"గురువారం బయట కూసున్న. సోమారం తలకు పోసుకున్న. డేట్ అంటే తలకు పోసుకున్నదే గదమ్మా?"

శారద కలం కింద పెట్టేసింది. వాళ్ల నాయనమ్మ కూడా ఇట్లాగే లెక్కపెడుతుంది. ముట్టయిన ఆడది నాలుగు రోజులు ఇంటి బయట కూర్చుంటుంది. ఆ నాలుగు రోజులూ ఆ ముసలివాళ్ల దృష్టిలో రోజులే కావు. వాటిని నోటితో పలకరు, మంచి పనికి లెక్కలోకి తీసుకోరు. తలకు పోసుకుని లోపలికి వచ్చిన రోజే మొదటి రోజు. డాక్టర్ల లెక్క బయట కూర్చున్న రోజున మొదలవుతుంది. డేట్ అన్న ఒక్క ఇంగ్లీషు ముక్కలో రెండు లెక్కలు ఇమిడి ఉన్నాయని ఐదేళ్లుగా ఎవరికీ తట్టలేదు. అందరి నోళ్లలో నానే మాట కదా, దానికి అర్థం అడిగేదేముంది అనుకున్నారు. ఆ ఇళ్లలోనే పుట్టిపెరిగిన శారదకు కూడా చదువులో పడ్డాక ఆ సంగతి గుర్తులేకుండా పోయింది. అందుకామె సిగ్గుపడింది. ఆయాను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ జరుపుకుని చిలుకమ్మ ఎదురుగా కూర్చుంది.

అప్పుడు ఇంకో సంగతి అడిగింది. మీ ఆయన ఎక్కడుంటాడు అని. గోదావరిఖనిలో అని చెప్పింది చిలుకమ్మ. మరి ఇద్దరూ ఎప్పుడు కలిసి ఉంటారంటే, మీరు చెప్పిన రోజుల్లోనే, అంతకుముందైతే పండుగకో పబ్బానికో అంది. తర్వాత ఆమెకు నెల ఎన్నాళ్లకు తిరుగుతుందో అడిగి తెలుసుకుంది. చిలుకమ్మకు అందరికన్నా ముందే తిరుగుతుంది. ఆమెకు గర్భం నిలిచే రోజులు తలకు పోసుకున్న నాలుగైదు రోజులకే వచ్చి పోతున్నాయి. గట్టయ్య కాజీపేటలో దిగేది అవన్నీ దాటాక. మాత్రలు కూడా అంతే, వేసుకోవలసిన రోజులు పోయాక వేసుకుంది. బండి వెళ్లిపోయాక స్టేషనుకు పోయినట్టు ఐదేళ్లు గడిచాయని శారద ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. ఇదొక్కటే కారణమని తాను ప్రమాణం చేయలేననీ, గట్టయ్యను కూడా పరీక్ష చేయాలనీ, కానీ ఇది సరిచేయకుండా కడుపు కోస్తానంటే మాత్రం తాను ఒప్పుకోననీ అంది.

చిలుకమ్మకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఐదేళ్ల మాత్రలు, ఐదేళ్ల బెంచీలు, గొడ్రాలన్న మాటలు, మడి గట్టు మీద నిలబడిన పొద్దులు, అన్నీ ఒక్క ప్రశ్న అడగనందుకా? ఆ మంటలోనే, గోడ మీద రాసిన డెబ్బై మందిలో తానుంటుందా అని నిలదీసినట్టు అడిగింది.

"ఆ డెబ్బై ఎట్ల లెక్కవెట్టిండ్రో నాకు తెల్వది చిలుకమ్మా. పిల్లలైనోళ్లు ఫోటో ఇచ్చి పోతరు. కానోళ్లు చెప్పకుండ రావుడు బంద్ చేస్తరు. వాళ్లను ఎవ్వరు లెక్కవెట్టలే. నాకు తెల్సింది చెప్తాన. నీ అసొంటోళ్లు సరైన రోజులల్ల మొగనితోని ఉంటే ఏడాదిల సగంమందికన్న అయితది."

"తక్కిన సగంల నేనుంటే?"

"ఉంటే ఉంటవ్. అప్పుడు గూడ నా దగ్గరికి రా. ఏం చేద్దామో ఇద్దరం కూసొని మాట్లాడుకుందాం."

ఐదేళ్లలో ఆమెకు పిల్లలవుతారని మాటివ్వని డాక్టరు ఈమె ఒక్కతే. చిలుకమ్మకు నమ్మాలనిపించింది కూడా ఈమెనే. అప్పుడొచ్చింది ఏడుపు. శారద ఆపమనలేదు, గంట కొట్టి ఇంకొకరిని పిలవనూ లేదు.

ఇంటికి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. శారద చెప్పిన లెక్క ప్రకారం గట్టయ్య ఈ రెండు రోజుల్లోనే రావాలి. కట్టమ్మ లెక్క ప్రకారం బర్రెకు జబ్బు చేయడానికి ఇంకా వారం ఉంది. డాక్టరు లెక్క మారిందని అత్తతో చెప్పాలంటే ఐదేళ్ల తప్పు ఆమె నెత్తిన పెట్టాలి. చెప్పినా ఆమె నమ్ముతుందో లేదో తెలియదు. నమ్మించేలోపు రోజులు దాటిపోతాయి. ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లవారి చిలుకమ్మ మంచి చీర కట్టుకుంది. ఈసారి బర్రెకు ముందే పాణం బాగలేదత్తా, నేనే పోతాన అని చెప్పి గడప దాటింది. ఆ ఇంట్లో అట్లాంటి సంఘటన అదే మొదటిది.

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగిపోయేవేళకు ఆమె బాయి గేటు దగ్గర నిలబడింది. నల్లగా బయటికి వస్తున్న వాళ్లలో మొగుణ్ణి గుర్తుపట్టలేకపోయింది, అతనే గుర్తుపట్టాడు. తల్లికేమైందోనని బెదిరిపోయాడు. ఏం కాలేదు, నేనే వచ్చిన అంది. అతనితో పాటు గదిలో ఉండేవాళ్లు ముగ్గురు. చిలుకమ్మను చూడగానే వాళ్లు చాపలు చుట్టుకుని పక్క గదికి వెళ్లిపోయారు. ఎప్పుడూ బర్రె మాటెత్తి ఏడిపించేవాళ్లు ఆ రోజు ఒక్క ముక్క అనలేదు.

అతను స్నానం చేసి వచ్చాక ఆమె శారద చెప్పిందంతా చెప్పింది. ఎనిమిదేళ్ల కాపురంలో వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. గట్టయ్య కూడా బాయిలో తాను పడే మాటలు చెప్పాడు. ఇంటికి రావడమంటే ఇంకో డ్యూటీకి పోయినట్టుండేదనీ, వస్తే నువ్వు నా మొకం దిక్కే చూడకపోతివి అనీ అన్నాడు. చూస్తే నీకు కోపమొస్తదనుకున్నానంది ఆమె. ఒకరి సిగ్గును ఇంకొకరు కోపమనుకుని ఇన్నేళ్లు గడిపారు. చివరికి చిలుకమ్మ ఇన్ని రోజులుగా గొంతులో ఉన్న మాట అడిగేసింది.

"చెల్లెను చేసుకుంటవా?"

గట్టయ్య ఆమె మొహంలోకి చూశాడు. "నాకు చెప్పిండ్రు, అడుగలే. అడిగితే వద్దంట."

ఆమె వారం రోజులు అక్కడే ఉంది. అటునుంచి ఇద్దరూ హనుమకొండ పోయి శారదను కలిశారు. పరీక్ష ఎట్లా ఇవ్వాలో చెప్పినప్పుడు గట్టయ్య మొహం చూసి తీరవలసిందే. బాయిలో బండ కూలినా బెదరనివాడు ఆ చిన్న సీసా పట్టుకుని చెమటలు కక్కాడు. అతనిలో లోపమేమీ లేదని తేలింది. ఎక్స్‌రేలో ఆమె గొట్టాలూ తెరిచే ఉన్నాయి.

ఇక అంతా సుఖాంతమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ నెల కాలేదు, పైనెలా కాలేదు. దసరా వచ్చేసింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కాక, రెండిళ్లవాళ్లూ కూర్చుని ఉండగా గట్టయ్య నిలబడి, సారలమ్మకు వేరే సంబంధం చూడండి, నాకు పిల్లలైనా కాకపోయినా ఈమే భార్య అని చెప్పాడు. అందరికన్నా ఎక్కువ సంతోషించింది సారలమ్మ. అక్కను పట్టుకుని భోరున ఏడ్చింది. కట్టమ్మ దీపావళి దాకా కొడుకుతో మాట్లాడలేదు.

చిలుకమ్మ మాత్రం నెలనెలా తలకు పోసుకున్న మర్నాడే బండెక్కేది. కాలేదని తెలిసిన ప్రతిసారీ శారద దగ్గరికి పోయి కూర్చునేది. కొన్నిసార్లు శారద మందు మార్చేది, కొన్నిసార్లు ఊరికే మాట్లాడి పంపేది. నీకెప్పుడు చాలనిపిస్తే అప్పుడు ఆపేద్దాం, అది నువ్వు చెప్పాలె, మేం కాదు అని ఒకసారి అంది. ఆపడం కూడా తన చేతిలో ఉంటుందని చిలుకమ్మకు అప్పటిదాకా తెలియదు. ఆ మాటతో ఆమెకు ఎంత బరువు దిగిందంటే, ఆ సాయంత్రం స్టేషనుకు నడుస్తూ కూనిరాగం తీసింది.

మరుసటి ఎండాకాలం ఆమెకు నెల తప్పింది. ఎనభయ్యో సంవత్సరం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. గోడకు పెట్టడానికి పిల్ల ఫోటో కావాలని నర్సింగ్ హోం వాళ్లు అడిగితే చిలుకమ్మ ఇవ్వలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు నా బిడ్డ మొహంతో ఏం పని, లోపల ఏం చెప్పాలో వాళ్లకు నేర్పండి అంది. శారద అప్పటికే డేట్ అనే మాట వాడడం మానేసింది. బయట కూర్చున్నది ఏనాడని అడిగేది, అదీ తోడు వచ్చినవాళ్లను బయటికి పంపాక.

ఇరవయ్యొకటో రోజున పిల్లను తొట్లెలో వేశారు. పిల్లలు లేని ఆడదాన్ని తొట్లె దగ్గరికి రానివ్వని ఊరు అది. ఎనిమిదేళ్లకు పైగా చిలుకమ్మ అట్లాంటి వేడుకలను దూరం నుంచే చూసింది. ఆ రోజు ఆమె నడిమధ్యలో కూర్చుని ఉంటే చుట్టూ ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. పేరు పెట్టడం, పాటలు పాడడం అయ్యాక కట్టమ్మ తొట్లె తాడు పట్టుకుని ఉన్నట్టుండి పెద్ద గొంతుతో అడిగింది.

"అందరున్నరు, అందరి ముందటనే చెప్పు. ఇన్నేండ్లు ఎవరి తప్పుండెనే?"

అందరూ చిలుకమ్మ వైపు తిరిగారు. గొడ్రాలన్న నోళ్లు, మొదటి పిలక నాటనివ్వని చేతులు అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క మాట చాలు, ఆమె పేరుమీది మచ్చ పోతుంది. ఆమె నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. అప్పుడు కట్టమ్మ చేయి చూసింది. తొట్లె ఊపడం ఆపేసి తాడును అట్లాగే పట్టుకుని ఉంది. అలసిందనుకుంది చిలుకమ్మ. ఈ మనిషి తనతో పాటు ఎక్కిన మెట్లు, తిరిగిన చుట్లు గుర్తొచ్చాయి.

"తప్పు నాల్నే ఉండెనత్తా. మందుకు తగ్గింది."

మేమనుకున్నదే అన్నట్టు ఆడవాళ్లు తలలాడించారు. కట్టమ్మ కోడలి మొహంలోకి చూసి, చక్కెర తెస్తానని లోపలికి పోయి చాలాసేపటిదాకా రాలేదు. గట్టయ్యకు మాత్రం కోపం వచ్చింది. లేని నింద నెత్తినెందుకు వేసుకున్నావని ఇంట్లో అడిగాడు.

"ఇప్పుడు నన్నేమన్న నాకు తగల్ది. ఆమెకు తగుల్తది," అంది చిలుకమ్మ.

ఆ తర్వాత ఏళ్లలో పిల్లల్లేని వాళ్లు చుట్టుపక్కల పల్లెలనుంచి కూడా చిలుకమ్మను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఏం మందు వాడినవక్కా అని అడిగేవాళ్లు. ఆమె వాళ్లను పొలం గట్టుకో బావి దగ్గరికో తీసుకుపోయి రోజుల లెక్క చెప్పేది, నీ మొగడెక్కడుంటాడని అడిగేది, ఇద్దరూ కలిసి శారదమ్మ దగ్గరికి పొమ్మనేది. కొందరికి పిల్లలయ్యారు, కొందరికి కాలేదు. కానివాళ్లు కూడా ఆమె దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్లు, ఆమె ఎవరినీ తొందరగా పంపేది కాదు. ఏం చెప్పినా కట్టమ్మ చెవిన పడకుండా చెప్పేది.

ఎనభై ఐదు నాటికి కట్టమ్మ మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. పొద్దంతా అరుగు మీదే ఉండేది. ఒక మధ్యాహ్నం చిలుకమ్మ గడ్డిమోపుతో వచ్చి ఇంటి వెనక దించుతుంటే అరుగు మీది మాటలు వినిపించాయి. పక్కింటి కోడలు సమ్మమ్మ ఏడుస్తోంది, కాపురానికొచ్చి మూడేళ్లయినా కడుపు పండలేదు. కట్టమ్మ ఆమెకు చెబుతోంది.

"తలకు పోసుకున్ననాటి సంది కాదే పిచ్చిదానా. బయట కూసున్ననాటి సంది లెక్కవెట్టు. నేను గది తెల్వకనే నా కోడల్ని ఐదేండ్లు గోస పుచ్చుకున్న."

చిలుకమ్మ చేతిలోని కొడవలి చేతిలోనే ఉండిపోయింది. సమ్మమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాక ముందుకొచ్చి అత్త ఎదుట నిలబడింది. ఈ సంగతి నీకెప్పుడు తెలిసిందని అడిగింది. నువ్వు నెల తప్పిననాడే అంది కట్టమ్మ. తలకు పోసుకున్న తడి ఆరకముందే బండెక్కుతుంటివి, పదోనాటికి మళ్లొచ్చి పనిల పడుతుంటివి, కడుపు నిలిచింది, రోజులు లెక్కబెట్టింది నేనే అయినప్పుడు నాకా మాత్రం తెల్వదా అంది. మరి తెలిసి తెలిసి తొట్లె నాడు అంతమందిలో తనను ఎందుకడిగిందని చిలుకమ్మకు అర్థం కాలేదు. అదే అడిగింది.

కట్టమ్మ వీధి వైపు తిరిగింది.

"నువ్వు చెప్తవనే అడిగిన బిడ్డా. అందరి ముందట నా మొకాన అంటవు, నలుగురు నన్ను తిడ్తరు, ఇగ నా పాపం కడతేరుతదనుకున్న. నువ్వు అనకపోతివి. ఇగ నేను దాన్ని ఏడ పెట్టుకోవాలె? అందుకనే ఏడ్చుకుంట వచ్చిన పిల్లకల్ల చెప్తాన, తప్పు నాదే అని."

అత్త కూర్చున్న అరుగు మీద కోడళ్లు కూర్చునే అలవాటు ఆ ఇంట్లో లేదు. చిలుకమ్మ కొడవలి కింద పెట్టి, పోయి కట్టమ్మ పక్కన కూర్చుంది. బడినుంచి పిల్ల వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.